ఫ్రాక్టూర్ (గణిత ముద్రణ)

ఫ్రాక్టూర్ జర్మన్ గోథిక్ అక్షరశైలి. గీతలు విరిగినట్టు, కోణాలు తేలి కనిపించే ఈ అచ్చు 16వ శతాబ్దం నుంచి 1941 వరకు జర్మనీలో విరివిగా వాడుకలో ఉండేది. గణితంలో ఇది నేటికీ నిలిచి ఉంది.

వాడుక: చిన్న గోథిక్ ‘జి’ లీ ఆల్జీబ్రాను, ‘పి’ ప్రైమ్ ఐడియల్‌ను, ‘ఎం’ మాక్సిమల్ ఐడియల్‌ను సూచిస్తాయి. వాస్తవ సంఖ్యల సమితి పరిమాణానికి ‘సి’ గుర్తు. సంకీర్ణ సంఖ్యలోని వాస్తవ, కల్పిత భాగాలకు పెద్ద ‘ఆర్’, ‘ఐ’ వాడతారు.

అక్షరకూర్పు: లేటెక్‌లో ఏఎంఎస్‌ఫాంట్స్ ప్యాకేజీని చేర్చి, సమీకరణం లోపల మ్యాథ్‌ఫ్రాక్ ఆదేశం ఇస్తే ఈ అక్షరాలు వస్తాయి. ఇందులోని ఆయిలర్ ఫ్రాక్టూర్ ఫాంటును అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ కోసం డొనాల్డ్ క్నూత్ సహకారంతో హెర్మన్ జాఫ్ రూపొందించారు. ఇది గణిత సంకేతాలకే తగినది. జర్మన్ వాక్యాలు కూర్చడానికి అవసరమైన జంటక్షరాలున్న ఫాంట్లు వేరు.

యూనికోడ్: 2001లో వెలువడిన 3.1 కూర్పులో గణిత ఫ్రాక్టూర్ అక్షరాలు చేరాయి. పెద్ద సి, హెచ్, ఐ, ఆర్, జెడ్‌లకు అంతకుముందే వేరేచోట సంకేతాలు ఉన్నందున కొత్త వరుసలో ఆ అయిదు స్థానాలను ఖాళీగా ఉంచారు. అందుకే పెద్దక్షరాల సంకేతాలను వరుసగా లెక్కించే ప్రోగ్రాములు ఈ అయిదింటిని విడిగా చూసుకోవాలి.