సందుగలో గొంగడి: చిమ్మెట నుంచి బట్టను కాపాడుకున్న చరిత్ర

పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలు ఈ పుస్తకం ముందు పేజీల్లో ఉన్నాయి. ఏ లెక్కలోకీ ఎక్కని ఆస్తి ఇంకొకటి మన సభ్యుల ఇళ్లలో ఉంది. సందుగల్లో, ట్రంకు పెట్టెల్లో, బీరువా పై అరల్లో మడిచి పెట్టిన పాత బట్టలే ఆ ఆస్తి. అమ్మమ్మ పెళ్లి పట్టుచీర, తాత భుజాన ఉన్న నల్ల గొంగడి, పసిపిల్లలకు తరతరాలుగా చుట్టిన మెత్తటి పాత చీర ముక్కలు. వీటిని ఇన్నేళ్లు పురుగు నోట పడకుండా ఎవరు కాపాడారు, ఎట్లా కాపాడారు అన్నది మనం రాసుకోవాల్సిన చరిత్ర అని ఈ ఏడాది ఈ వ్యాసం పెట్టాం.

ముందు గొంగడి సంగతి. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే బట్ట ఇది. ఆ ఉన్నికి పుట్టుకతోనే నలుపు, గోధుమ రంగులు ఉంటాయి కాబట్టి అద్దకం అక్కర్లేదు. కురుమ ఇళ్లలో ఉన్ని ఏకి, వడికి నూలు చేసే పని ఎక్కువగా ఆడవాళ్లదే. చింతగింజల గంజి పట్టించి గుంట మగ్గం మీద నేసేవాళ్లు. వానకు తల మీద కొప్పెలా వేసుకోవడానికి, చలికి కప్పుకోవడానికి, పొలం దగ్గర పరుచుకోవడానికి ఒకటే గొంగడి. బీరప్ప, మల్లన్న కొలుపుల్లోనూ దానికి చోటు ఉంది. ఇప్పుడు మందల్లో మాంసం కోసం పెంచే నెల్లూరు జాతి గొర్రెలు పెరిగాయి. వాటికి వెంట్రుకే గానీ ఉన్ని ఉండదు. ఉన్ని తగ్గింది, వడికే చేతులు తగ్గాయి. అందుకే ఇంట్లో ఉన్న పాత గొంగడికి చిల్లు పడితే దాని చోట ఇంకొకటి తెచ్చుకోవడం తేలిక కాదు.

చిల్లు పెట్టేది ఎవరో సరిగ్గా తెలుసుకోవాలి. బీరువా తెరవగానే ఎగిరే చిన్న లేత పసుపు రంగు చిమ్మెట బట్టను తినదు. దానికి తినే నోరే ఉండదు. అది మడతల్లో నలభై యాభై గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. గుడ్డు నుంచి వచ్చే తెల్లటి పురుగే అసలు దొంగ. ఉన్ని, వెంట్రుక, ఈకల్లో ఉండే కెరటిన్ అనే మాంసకృత్తి దానికి తిండి. వెలుతురంటే పడదు, కదిలించని చీకటి మడత కావాలి. చెమట, కూర మరక ఉన్న చోట ఇంకా ఇష్టంగా తింటుంది. పట్టును ఎక్కువగా కొరికేది చిన్న పెంకు పురుగు పిల్ల. శుభ్రమైన నూలు బట్ట జోలికి ఈ రెండూ సాధారణంగా రావు. కానీ గంజి పెట్టిన నూలు చీరను వెండి రంగు పొలుసుల పురుగు గీకి తింటుంది, దానికి కావాల్సింది ఆ గంజే. ‘దాచే చీరకు గంజి పెట్టొద్దు’ అని పెద్దవాళ్లు చెప్పిన మాట వెనుక ఉన్న కారణం ఇదే.

మన పెద్దవాళ్లు ఏం చేసేవాళ్లని అడిగితే ఎవరైనా ముందు వేపాకు పేరే చెప్తారు. నీడన ఆరబెట్టిన వేపాకు, వావిలాకు, వస కొమ్ము, ఎండుమిరపకాయలు, కర్పూరం ఇట్లా ఇంటికొక పద్ధతి. అయితే ఆకు ఒక్కటే బట్టను కాపాడలేదు. ఘాటు వాసన పురుగును కొంత దూరం పెడుతుందే తప్ప, అప్పటికే మడతలో ఉన్న గుడ్లను, పురుగులను చంపదు. చంపింది ఎండ. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో గొంగళ్లను బండ మీద పరిచి, తిప్పి తిప్పి వేసి, కర్రతో దులిపి, మృగశిర చినుకులు పడకముందే మడిచి లోపల పెట్టేవాళ్లు. నల్ల ఉన్ని ఎండను బాగా పట్టుకుంటుంది. వేడి 50 డిగ్రీలు దాటి కాసేపు నిలిస్తే గుడ్డూ పురుగూ రెండూ చస్తాయి. పట్టుచీరను మాత్రం రంగు పోకుండా నీడన గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టేవాళ్లు, ఒకే మడత ఏళ్ల తరబడి ఉంటే అక్కడ పట్టు చిట్లుతుంది కాబట్టి. ఏటేటా బయటికి తీయడం, చూడడం, దులపడం అనే ఈ పనికి కూలి లేదు, పేరు లేదు. ఆకు పేరు మిగిలింది గానీ చేతుల కష్టాన్ని మర్చిపోయాం.

ఇది మన ఊళ్లకే ఉన్న బాధ కాదు. రెండు వేల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్తే, రోమ్‌లో కేటో అనే ఆయన వ్యవసాయం మీద రాసిన పుస్తకంలో, ఆలివ్ నూనె తీయగా మిగిలిన మడ్డిని మరిగించి బట్టల పెట్టెకు పూయమని చెప్పాడు. 19వ శతాబ్దంలో కాశ్మీరు శాలువాలు యూరప్‌కు పోయేటప్పుడు మడతల మధ్య ఎండు పచౌలి ఆకు పెట్టి పంపేవాళ్లు. అక్కడి కొనుగోలుదార్లు ఆ వాసన చూసి అసలు శాలువా అని గుర్తుపట్టే స్థితి వచ్చింది.

ఆ శతాబ్దంలోనే ఆకుల చోటికి తెల్ల ఉండ వచ్చింది. బొగ్గు నుంచి గ్యాసు తీసి వీధి దీపాలు వెలిగించే నగరాల్లో తారు మిగిలిపోయేది. ఆ తారు నుంచి తీసిన తెల్లటి పదార్థానికి 1821లో జాన్ కిడ్ నాఫ్తలీన్ అని పేరు పెట్టాడు. 1826లో మైకేల్ ఫారడే దానిలో ఏమేం కలిసి ఉన్నాయో తేల్చాడు. మన నోట దాని పేరు కలరా ఉండలు. ఆ పేరు విని మందేమో అనుకునేవాళ్లున్నారు. అది కలరాకు మందు కాదు, దేనికీ మందు కాదు. మూసిన పెట్టెలో ఆవిరిగా నిండి పురుగును చంపే విషం. చవగ్గా దొరికింది, ఎండబెట్టే పని తప్పింది, అందుకే ఇంటింటికీ చేరింది.

ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇక్కడ ఉంది. 1963లో గ్రీసు దేశపు వైద్యులు, నాఫ్తలీన్ ఆవిరి పీల్చిన 21 మంది పసికందుల రక్తకణాలు పగిలి జబ్బు పడ్డ సంగతి ప్రచురించారు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న బిడ్డలకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఆ లోపం మన దేశంలోనూ ఉంది, చూడగానే తెలియదు. రక్తకణాలు పగిలితే బిడ్డకు కామెర్లు ముదురుతాయి, మెదడుకు కూడా దెబ్బ తగలొచ్చు. 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నాఫ్తలీన్‌ను మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న పదార్థాల్లో చేర్చింది. 2008లో యూరోపియన్ యూనియన్ ఈ ఉండల అమ్మకాన్ని ఆపింది. మన దగ్గర కిరాణా కొట్లో ఇప్పటికీ దొరుకుతాయి.

మన ఇళ్లలో బాలింత రాగానే ముందు తెరిచేది పాత బట్టల పెట్టెనే. బిడ్డకు చుట్టడానికి మెత్తటి పాత చీర ఉండాలంటాం. ఆ చీర కలరా ఉండల మధ్య ఏళ్లు గడిపి ఉంటే, వాసన ఇంకా ఉండగానే బిడ్డకు చుట్టకూడదు. పసిపిల్లల బట్టలు పెట్టే చోట ఆ ఉండలు అసలు వేయొద్దు. వేసి ఉంటే ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా కొన్ని రోజులు ఆరుబయట ఆరేయాలి. బిడ్డ కళ్లు పచ్చబడినా, పాలిపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, ఉండల సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి. పిప్పరమెంటు బిళ్ల అనుకుని నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో ఆ ఉండలు అందకుండా చూడాలి. కర్పూరం కూడా మింగితే విషమే.

మరి బట్టను కాపాడేదెట్లా? పాత పద్ధతిలో బలమైన భాగాన్నే తిరిగి తెచ్చుకుందాం. దాచే ముందు ఉతికి, మరక, చెమట, గంజి లేకుండా పూర్తిగా ఆరబెట్టాలి. ఉతికిన పాత నూలు గుడ్డలో చుట్టి, మూత గట్టిగా పడే పెట్టెలో పెట్టాలి. రెండు మూడు నెలలకొకసారి తీసి దులిపి, మడత మార్చాలి. గొంగడికి ఏటా రోహిణి ఎండ చూపించాలి, పెట్టె మూలలు కూడా తుడవాలి. వేపాకు వేసుకోవచ్చు, ఏటా మార్చాలి. పెద్ద మ్యూజియంలు పురుగు పట్టిన బట్టను మైనస్ 20 డిగ్రీల చలిలో వారం పది రోజులు ఉంచుతాయి. వాళ్లు చలితో చేసే పనిని మన పెద్దవాళ్లు ఎండతో చేశారు.

వచ్చే మే నెల గ్రామ సంఘం సమావేశాల్లో ప్రతి సంఘం ఈ విషయాన్ని ఎజెండాలో పెట్టుకోవాలని కోరుతున్నాం. బాలింతలు, గర్భిణులు ఉన్న ఇళ్లకు కలరా ఉండల మాట ముందుగా చేరాలి. ఇంట్లో పాత గొంగడి ఉన్న అక్కలు దాన్ని ఎండకు తీసినప్పుడు, అది ఎవరు వడికారో, ఎవరు కప్పుకున్నారో పెద్దవాళ్లను అడిగి సంఘం పుస్తకంలో రెండు ముక్కలు రాయించండి. బట్ట ఉన్నప్పుడే అడగాలి, చెప్పేవాళ్లు ఉన్నప్పుడే రాసుకోవాలి.