మరిగే నీళ్లు, మూలిగే స్టీరింగు

మా అత్తగారి కుడి ముంజేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ ఒకటుంది. గాజులు పైకి జరిగితే కనిపిస్తుంది. కాపురానికొచ్చిన కొత్తలో అడిగితే, "మీ మామగారి కారు పెట్టిన వాతమ్మా" అన్నారు. 1979 వేసవిలో అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే కారు ఉడికి ఆగిపోయిందిట. మామగారు నీళ్లకోసం వెళ్లారు. ఈవిడ సాయం చేద్దామని చెంగు మడతపెట్టి రేడియేటర్ మూత తిప్పారు. అంతే!

ఆ కారు ఇంకా మా షెడ్డులోనే ఉంది. పడవంత అమెరికన్ కారు. మామగారు పోయాక, అమ్మేద్దామని మావారు ఏటా అనడం, అత్తగారు మాట మార్చడం మామూలే. మొన్న సంక్రాంతికి బయటికి తీసి, వీధి మలుపులో నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పేసరికి స్టీరింగు బాలింతలా మూలిగింది. కమురు వాసన. ముందునుంచి ఆవిరి. మెకానిక్కు వచ్చి చూసి, "వేడి ఒకటి కాదమ్మగారూ, రెండు. నీళ్లదొకటి, స్టీరింగు ఆయిలుదొకటి. ఒకటి బాగుచేసి రెండోది వదిలేస్తే మళ్లీ ఇదే పాట" అన్నాడు.

ఆ రెండు వేళ్లూ పట్టుకుని నేను చరిత్రలోకి వెళ్లాను. వెళ్తే ఎదురైంది ఎవరనుకున్నారు? పుట్టింటికి బయల్దేరిన ఒక ఇల్లాలు.

కార్ల్ బెంజ్ తన మోటారు బండికి 1886లో పేటెంటు పుచ్చుకున్నాడు. ఆయన వ్యాపారం నిలబడటానికి భార్య బెర్తా పెళ్లికి ముందే తన కట్నం డబ్బు ఇచ్చింది. బండి తయారైంది గానీ కొనేవాళ్లేరీ? 1888 ఆగస్టులో ఆవిడ భర్తతో చెప్పకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి పుట్టినూరు ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. పెట్రోలు బంకులు లేవు. వీస్లోక్ ఊళ్లో మందుల షాపులో లిగ్రోయిన్ అనే ద్రవం కొని పోసింది. గొట్టం మూసుకుపోతే టోపీకి గుచ్చుకునే పిన్నుతో పొడిచింది. ఈ కథ చాలామంది చెబుతారు. నీళ్ల సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. ఆ ఇంజనులో నీళ్లు మరిగి ఆవిరైపోతూ వేడిని మోసుకుపోయేవి. అంటే దారి పొడుగునా తిరిగి పోస్తూనే ఉండాలి. తొలి కారు ప్రయాణం సగం నీళ్లు మోయడమే! మనకేం కొత్త?

ఈ బాధ తీర్చినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1901 నాటి మెర్సిడెస్ బండికి ఆయన తేనెపట్టు రేడియేటర్ పెట్టాడు. ఆరేసి మిల్లీమీటర్ల సన్నని గొట్టాలు 8,070. గాలి వాటిగుండా దూరి, చుట్టూ ఉన్న నీళ్లను చల్లార్చేది. ఆ నీళ్లే తిరిగి తిరిగి పనిచేసేవి. అన్నట్టు, మెర్సిడెస్ అనేది ఆ బండికోసం పట్టుబట్టిన వ్యాపారి యెల్లినెక్ కూతురి పేరు.

తర్వాత మూత బిగించారు. మన ప్రెషర్ కుక్కరే అనుకోండి. ఒత్తిడిలో నీరు 100 డిగ్రీలకు మరగదు, 120 దాకా ఓర్చుకుంటుంది. వేడిమీద మూత తీస్తే మాత్రం ఆ ఓర్పంతా ఒక్కసారి ఆవిరై పైకి లేస్తుంది. విజిలు దిగని కుక్కరు మూత మనం తీస్తామా?

ఇక రెండో వేడి. బెర్తా బండికి మూడే చక్రాలు, తేలిక. బళ్లు బరువెక్కిన కొద్దీ తిప్పేవాళ్ల భుజాలు పడిపోయాయి. పియర్స్ ఆరో కంపెనీలో లారీల ఇంజనీరుగా చేసిన ఫ్రాన్సిస్ డేవిస్ 1926లో నూనె ఒత్తిడితో తిరిగే స్టీరింగు చేసి చూపించాడు. ఖర్చెక్కువని పెద్ద కంపెనీ వాళ్లు పక్కన పెట్టేశారు. అమ్మకానికి వచ్చిన కారులో అది కనిపించింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌లో. ఇంజను బెల్టుతో ఒక పంపు తిరిగి నూనెను తోస్తుంది, ఆ నూనె చక్రాలను తోస్తుంది. స్టీరింగు చివరంటా తిప్పి అలాగే పట్టుకుంటే నూనెకి దారుండదు. చిన్న కవాటంలోంచి దూరి పంపులోకే తిరిగొస్తుంది. పడ్డ శ్రమంతా వేడవుతుంది. నూనె పలచబడి నురగ కడుతుంది, పంపు మూలుగుతుంది. పక్కనే ఇంజను సెగ. ఒకే వంటింట్లో రెండు పొయ్యిలన్నమాట.

మెకానిక్కు రేడియేటర్ లోపలి పాచి కడిగించాడు, కొత్త బెల్టు వేశాడు, స్టీరింగు నూనె మార్చి, అది చల్లారడానికి ముందువైపు మెలికల గొట్టం బిగించాడు. "చివరంటా తిప్పాక కొంచెం వెనక్కి వదలండి సారూ" అని మావారికి చెప్పి వెళ్లాడు.

సాయంత్రం అత్తగారికి బెర్తా కథంతా చెప్పాను. ఆవిడ గాజులు కిందికి లాక్కుంటూ అడిగారు: "ఆ మహాతల్లికి చెయ్యి కాల్లేదుటే?"

"ఆవిడ బండికి బిగించిన మూత లేదత్తయ్యా. ఆవిరి దాని దారిన అది పోయేది."

"అదృష్టవంతురాలు" అన్నారు. కాసేపాగి, "రేపు అబ్బాయిని అడుగు, ఘాట్ దాకా వెళ్లొద్దామేమో. నీళ్ల బిందె నేను పట్టుకుంటాను" అన్నారు.