ఫోన్ వైఫైని ఎందుకు వదిలేస్తోంది? కథ 1947లో మొదలైంది

"అన్నా, ఇంట్లో వైఫై ఉంటది, ఫోన్ పట్టుకుంటది, మళ్లా వదిలేస్తది. ఇంటర్వ్యూ నడుమ కట్ అయింది. ఫోన్ మార్చాలా?" మేడ్చల్ నుంచి, శామీర్‌పేట నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఇది. కొత్త ఫోన్‌కి డబ్బులు పెట్టే ముందు ఈ ఎపిసోడ్ చూడండి. ఎందుకంటే చాలాసార్లు తప్పు ఫోన్‌ది కాదు. మన వైఫై ఎలాంటి జాగాలో ఇల్లు కట్టుకుందో, అసలు సంగతి అక్కడ ఉంది.

జాగా అంటే మనవాళ్లకి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. ఔటర్ రింగ్ రోడ్డు పడ్డాక ఇక్కడ గజం రేటు తెలియని పిల్లాడు లేడు. పట్టా భూమి వేరు, బంచరాయి వేరు. బంచరాయిలో ఊరి పశువులన్నీ మేస్తాయి. నా బర్రెకు గడ్డి చాలలేదని పక్కింటాయన మీద కేసు వేయలేం కదా! గాలిలో రేడియో తరంగాలకీ అదే లెక్క. మొబైల్ కంపెనీలది పట్టా. 2022లో 5జీ వేలంలో దాదాపు లక్షన్నర కోట్ల రూపాయలకు పాడుకున్నారు. మన ఇంటి వైఫైది మాత్రం బంచరాయి.

ఆ బంచరాయిని హద్దులు పెట్టి వదిలింది 1947లో, అంటే మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే. అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో దేశాలన్నీ కూర్చుని రేడియో తరంగాలు పంచుకున్నాయి. అప్పటికే రేథియాన్ కంపెనీలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీర్ రాడార్‌లో వాడే మాగ్నెట్రాన్‌తో వంట వండొచ్చని కనిపెట్టాడు. అలా వేడి పుట్టించే యంత్రాల కోసం, పరిశ్రమలు, సైన్సు, వైద్యం వాడకానికి, 2.45 గిగాహెర్ట్జ్ చుట్టూ కొంత జాగా వదిలారు. (నీళ్లు సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీలోనే ఊగుతాయి కాబట్టి దాన్ని ఎంచుకున్నారని చాలామంది చెప్తారు. అది నిజం కాదు.) యంత్రాల రొద ఉండే చోటు కాబట్టి రేడియో వాళ్లెవరూ అటు పెద్దగా చూడలేదు. ఇంజనీర్లు దాన్ని చెత్త బ్యాండ్ అనేవాళ్లు.

1985 మే 9న అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఒక పని చేసింది. మైకేల్ మార్కస్ అనే ఇంజనీర్ పట్టుబట్టగా, ఆ చెత్త బ్యాండ్‌లో లైసెన్సు లేకుండా మాట్లాడుకోవచ్చు అంది. షరతు ఏంటంటే, పక్కవాడి గోల భరించాలి. దుకాణాల్లో బిల్లింగ్ మిషన్లకి వైర్లు తప్పించాలని ఎన్‌సీఆర్ కంపెనీ రంగంలోకి దిగింది. ఆ కంపెనీకి చెందిన విక్ హేస్ ముందుండి నడిపిన కమిటీ 1997లో 802.11 అనే ప్రమాణం తెచ్చింది. వేగం సెకనుకు రెండు మెగాబిట్లు! వైఫై అన్న పేరు పుట్టింది 1999లో.

మన దగ్గర? 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరంగా ఉండేది. 2005 జనవరిలో కేంద్రం 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ దాకా ఆ లైసెన్సు ఎత్తేసింది. ఆ నియమాల్లో ఒక మాట ఉంది, దాన్ని నేను చాలా ముఖ్యం అనుకుంటాను: ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు, ఎవరికీ రక్షణ లేదు, అందరూ పంచుకోవాల్సిందే. మీ వైఫై తెగిపోతే పక్క ఫ్లాట్ మీద ఫిర్యాదు చేయడానికి మీకు చట్టం లేదన్నమాట.

ఇప్పుడు ఆ జాగా ఎంతో చూడండి. మొత్తం 83.5 మెగాహెర్ట్జ్. ఒక్కో వైఫై చానల్‌కి ఇరవై దాకా కావాలి. లెక్కకి చానళ్లు 13 కనిపిస్తాయి గానీ ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి మూడే: 1, 6, 11. శామీర్‌పేట చెరువు దిక్కు పొలాల మధ్య దూరదూరంగా ఇళ్లున్నప్పుడు మూడు చాలు. ఇప్పుడు అపార్ట్‌మెంట్ పక్కన అపార్ట్‌మెంట్. మా హాల్లో నిలబడి స్కాన్ చేస్తే ఇరవై పైనే పేర్లు. అందరూ మేస్తున్నది ఆ మూడు చెక్కల్లోనే.

సరే, మీ ఇంట్లో ఏం చూడాలి? ముందు గుర్తు చూడండి. వైఫై గుర్తు అలాగే ఉండి పక్కన ఆశ్చర్యార్థకం వస్తే రేడియో బాగానే ఉంది, బయటి నుంచి వచ్చే లైనే పోయింది. ఫైబర్ డబ్బా మీద ఎర్ర లైటు వెలిగితే ఇక ఫోన్‌ని తిట్టకండి. గుర్తే మాయమైతే, ఇంట్లో అన్ని ఫోన్లకీ అవుతోందా, మీ ఒక్కదానికేనా? అన్నిటికీ రాత్రి ఎనిమిదికి అవుతుంటే అది ఇరుగుపొరుగు రద్దీ. ఓవెన్ పెట్టినప్పుడల్లా అవుతుంటే అది 1947 నాటి పాత కాపురం. ఆ యంత్రాలకే ముందు హక్కు మరి.

రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 2.4కి చానల్ వెడల్పు 40 ఉంటే 20కి తగ్గించండి. 1, 6, 11లో ఖాళీగా ఉన్నది పెట్టండి. ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ యాప్‌లు చూపిస్తాయి, ఐఫోన్‌లో ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ ఉంది. తర్వాత 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టి ఫోన్‌ని దానికే కట్టేయండి. 2018లో కేంద్రం అక్కడ కూడా జాగా బాగా పెంచింది. గోడ దాటడం దానికి కష్టం, కాబట్టి రౌటర్ హాల్ మధ్యకి రావాలి, టీవీ వెనక కాదు.

5లో ఒక మెలిక ఉంది. 52 నుంచి 144 దాకా చానళ్లు రాడార్లతో పంచుకునేవి. 2003లో జెనీవాలో పెట్టుకున్న నియమం ప్రకారం, రాడార్ వినిపిస్తే రౌటర్ ఆ చానల్ వదిలేయాలి. కొత్తదానికి మారేలోపు ఒక నిమిషం మౌనంగా వినాల్సి రావచ్చు. మీకు అది డిస్కనెక్ట్. హకీంపేట, దుండిగల్ విమానాలు నెత్తిమీద తిరుగుతాయి కాబట్టి వాటినే అనకండి, విమానాశ్రయాల నిఘా రాడార్లు ఎక్కువగా 2.7 నుంచి 2.9 దగ్గర ఉంటాయి. అనుమానం ఉంటే 36, 40, 44, 48లో ఒకటి పెట్టేయండి, వాటికి ఈ గొడవ లేదు.

మీ ఒక్క ఫోన్‌కే అవుతుంటే? వైఫై బలహీనపడగానే మొబైల్ డేటాకి మారే ఆప్షన్ ఆపండి. ఐఫోన్‌లో 2015 నుంచి వైఫై అసిస్ట్ అని ఇదే ఉంది. బ్యాటరీ సేవర్ తీసి ఒక రాత్రి చూడండి. నెట్‌వర్క్‌ని ఫర్గెట్ కొట్టి మళ్లీ కలపండి. ఇవన్నీ చేసినా మీ ఫోన్ ఒక్కటే, వేరే ఇళ్లల్లో కూడా తెగుతుంటే, అప్పుడు సర్వీస్ సెంటర్.

అపార్ట్‌మెంట్ వాళ్లకి ఇంకో మాట. అసోసియేషన్ మీటింగ్‌లో పార్కింగ్ గురించి గంట కొట్టుకుంటారు కదా, పది నిమిషాలు దీనికీ ఇవ్వండి. మొదటి అంతస్తు 1, రెండో అంతస్తు 6, మూడోది 11, నాలుగోది మళ్లీ 1. ఒక్క కాగితం లిఫ్ట్ పక్కన అంటిస్తే చాలు, పైసా ఖర్చు లేదు.