శస్త్రకోశం: ఛేదన సాధనాలలో నిహితమైన కరుణ

ఓం శ్రీ ధన్వంతరయే నమః

నల్లగొండ సీమకు దక్షిణాన కృష్ణవేణి నిండుగా నిలిచిన చోట, జలాశయ మధ్యంలో ఒక గిరిశిఖరం ద్వీపంలా కనిపిస్తుంది. అది నాగార్జునకొండ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి విలసిల్లిన లోయ ఇప్పుడు ఆ జలాల అడుగున ఉంది. ఆనకట్ట నీరు చేరకముందు 1954 నుండి 1960 వరకు అక్కడ విస్తృతంగా త్రవ్వకాలు జరిగాయి. జ్వరపీడితులు స్వస్థత పొందే 'విగతజ్వరాలయం' ప్రస్తావన ఆ క్షేత్రపు శాసనాలలో లభించింది. ఎగువన పాలమూరు సీమలోని అలంపురం శ్రీశైలానికి పశ్చిమద్వారం, ఉమామహేశ్వరం ఉత్తరద్వారం. ఈ కృష్ణాతీరమంతా సిద్ధులకూ రసవాదులకూ నిలయమని మన పెద్దల విశ్వాసం.

సుశ్రుత సంహితను ప్రతిసంస్కరించినవాడు నాగార్జునుడని వ్యాఖ్యాత డల్హణుడు పేర్కొన్నాడు. నాగార్జున నామధేయులు పలువురు ఉన్నందున ఈయన ఎవరన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. అయినా శ్రీపర్వతాన్ని నాగార్జునునితో ముడివేసి తలచుకునే తెలుగువారికి, ఆ సంహితలోని శస్త్రాధ్యాయం పరాయిది కాదు.

ఇక్కడ సాధకునికి ఒక సందేహం కలగడం సహజం. అహింస పరమధర్మమైతే, జీవించి ఉన్న దేహాన్ని కోయడం ఏ విధంగా ధర్మమవుతుంది? వైద్యుని సంకల్పం శుభమైతే చాలునని మనం సులభంగా సమాధానం చెబుతాం. సుశ్రుతాచార్యులు అంతటితో తృప్తి చెందలేదు. సంకల్పం ఎంత శుద్ధమైనా సాధనం దుష్టమైతే రోగికి కలిగేది హింసే. కనుక కరుణ మనస్సులో ఉంటే చాలదు, అది లోహంలోకీ దిగాలి.

సూత్రస్థానం ఎనిమిదవ అధ్యాయంలో ఆచార్యులు 20 శస్త్రాలను నిర్దేశించారు. వాటికి ఆరు గుణాలు చెప్పారు: పట్టుకు అనువుగా ఉండడం, మేలైన లోహం, చక్కని ధార, మంచి రూపం, కుదురైన కొన, భీకరంగా లేకపోవడం. ఎనిమిది దోషాలను కూడా చెప్పారు: వంకరపోవడం, మొద్దువారడం, విరగడం, గరుకు అంచు, మిక్కిలి మందం, మిక్కిలి సన్నం, మిక్కిలి పొడవు, మిక్కిలి పొట్టి. వీటిలో ప్రతి ఒక్కటీ ఒక అపాయానికి మూలమే. మొద్దు కత్తికి బలం ఎక్కువ కావాలి. బలం ఎక్కువైనప్పుడు చేయి అదుపు తప్పుతుంది. గరుకు అంచు కోయదు, చీలుస్తుంది. అయితే ఎముకను కోసే కరపత్రానికి, అనగా రంపానికి, గరుకు అంచే గుణం. దోషమైనా గుణమైనా ప్రయోజనాన్ని బట్టి నిర్ణయమవుతుందన్న వివేకం ఇందులో ఉంది.

ధార విషయంలోనూ ఇదే సూక్ష్మత. భేదనానికి మసూరపప్పు అంచంత, లేఖనానికి అందులో సగం, సిరావ్యధనానికి వెంట్రుకంత, ఛేదనానికి అర్ధకేశమంత ధార ఉండాలన్నారు. పదును పెట్టడానికి మినుము వన్నెగల నున్నని శిల, పెట్టిన పదును నిలపడానికి బూరుగు పలక విధించారు. రోమాన్ని ఖండించగలిగినప్పుడే ఆ శస్త్రాన్ని కర్మలో వినియోగించాలి. పరీక్ష వెంట్రుకపైనే జరగాలి, రోగి దేహంపై కాదు.

సుమారు 7వ శతాబ్దికి చెందిన వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో ఈ రక్షణ చింతనను మరింత ముందుకు తీసుకువెళ్ళారు. కంఠంలోని వ్యాధులను కోయడానికి వారు చెప్పిన అంగుళిశస్త్రం ఉంగరంలా చూపుడువేలి కొనకు తొడుక్కునేది. అందులో బయటికి వచ్చే ఫలం అర్ధాంగుళమే. అంతకు మించి అది లోతుకు దిగలేదు. దానికి దారం కట్టి ఉండాలని కూడా విధించారు. గొంతులో పనిచేసే శస్త్రం వేలి నుండి జారితే ఏమవుతుందో ఊహిస్తే ఆ దారం విలువ తెలుస్తుంది.

శస్త్రాలను ఉంచే కోశాన్నీ వారు వర్ణించారు. తొమ్మిది అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల పొడవు. పట్టు, ఉన్ని, మృదుచర్మం వంటి వాటితో గట్టిగా కుట్టినది. శస్త్రానికీ శస్త్రానికీ నడుమ ఉన్ని ఉండాలి, ముఖం శలాకతో మూసి ఉండాలి. దీనివల్ల ధార చెడదు, తీసేవాని చేయి తెగదు.

వైద్యుని చేయి తెగడం చిన్న విషయమని సుశ్రుతులు భావించలేదు. శస్త్రకర్మలో సంభవించే నాలుగు వ్యాపత్తులలో తక్కువగా కోయడం, ఎక్కువగా కోయడం, అడ్డంగా కోయడం తరువాత నాల్గవది తన్నుతాను కోసుకోవడం. అందుకే శిష్యుడు మొదట గుమ్మడి, సొర, దోస వంటి కాయలపై ఛేదనం అభ్యసించాలి. బాలురకూ శస్త్రభీతి గలవారికీ వెదురు, స్ఫటికం వంటి అనుశస్త్రాలు వాడాలి.

ఇక లోహం మాట. తెలంగాణ ఉక్కు లోకప్రసిద్ధమైనది. నేటి నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించే విధానాన్ని హెన్రీ వోయ్‌సీ నమోదు చేశాడు. ఆయన వ్రాత 1832లో అచ్చయింది. వోయ్‌సీ వృత్తిరీత్యా శస్త్రవైద్యుడు కావడం గమనార్హం. అంతకుముందే లండన్‌లో శస్త్రవైద్య పరికరాలు చేసే జేమ్స్ స్టోడార్ట్, భారతదేశపు ఉక్కును యూరపు ఉక్కుకంటే మేలైనదిగా ఎంచి దానితో కత్తులు చేశాడు. సుశ్రుతులు కోరిన 'సులోహం' భారతీయ లోహకారుల కొలిమిలో సిద్ధించిందని దీనివల్ల తెలుస్తుంది.

నేడు శస్త్రచికిత్సాలయాలలో ఫలం లోపలికి ముడుచుకునే కత్తులు వాడుకలో ఉన్నాయి. లోహమూ రూపమూ మారినా, అవసరం తీరిన క్షణంలో ధార కోశంలోకి మరలాలన్న ధర్మం మారలేదు.

రోగి తల్లిదండ్రులనూ పుత్రులనూ సైతం శంకించవచ్చు గాని వైద్యుని మాత్రం నమ్మి తన్నుతాను అర్పించుకుంటాడనీ, కనుక అతనిని కన్నకొడుకులా కాపాడాలనీ సుశ్రుతులు అన్నారు. సాధకుని సందేహానికి సమాధానం ఇక్కడే ఉంది. ఆ నమ్మకానికి తగిన జాగరూకత ఉన్నంతవరకే శస్త్రకర్మ అహింస. జాగరూకత లోపిస్తే అదే కత్తి హింస.

గీతాచార్యుడు సంసారవృక్షాన్ని అసంగమనే శస్త్రంతో ఛేదించమన్నాడు. వైరాగ్యమూ పదునైనదే. దానికి కరుణ అనే కోశం లేకపోతే అది మన పక్కనున్నవారిని గాయపరుస్తుంది, చివరకు మనలనూ కోస్తుంది. వాక్కు విషయమూ అంతే. మన చేతిలోని ప్రతి ధారకూ ఒక కోశాన్ని సిద్ధం చేసుకోవడం సాధనలో భాగమే.

స్వస్తి.