హెడర్ ఫైలు ఎవరి సొత్తు?

సీ నేర్చుకునే మొదటి రోజే ఎస్‌టీడీఐఓ డాట్ హెచ్ అని రాసేస్తాం. ఆ ఫైలు కంపైలరుదా, ఆపరేటింగ్ సిస్టమ్‌దా అని ఇంజినీరింగులో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక పాత సోలారిస్ మిషను ముందు కూచున్నప్పుడు నాకీ ప్రశ్న తట్టింది. సిస్టమ్ హెడర్ తెరిచి చూస్తే స్ట్రక్చర్లో ఫీల్డు కళ్ళెదుట ఉంది. జీసీసీ మాత్రం అలాంటిదేమీ లేదు పొమ్మంటోంది. కారణం దొరకడానికి రెండు రోజులు పట్టింది. దాని వెనక నేను పుట్టకముందు మొదలైన కథ ఒకటుంది.

1970ల్లో ఈ తగువు లేదు. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్సూ, డెనిస్ రిచీ సీ కంపైలరూ ఒకే ఇంటి పిల్లలు. 1978లో కెర్నిహాన్, రిచీల పుస్తకం వచ్చింది గానీ, పుస్తకం చెప్పని చోట కంపైలరు ఏం చేస్తే అదే రూలు. హెడర్లు రాసినవాళ్ళు ఆ కంపైలరు అలవాట్లనే నమ్ముకున్నారు.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ బీఎస్‌డీ వాళ్ళ ఐవోసీటీఎల్ హెడరు. టెర్మినల్‌కీ, డిస్కుకీ ఇచ్చే కమాండు నంబర్లను అందులో ఒక మాక్రోతో తయారు చేసేవారు. టెర్మినల్ కమాండ్లకి టీ అనే అక్షరం గుర్తు. దాన్ని కోట్స్ లేకుండా మాక్రోకి ఇచ్చేవారు. మాక్రో లోపల సింగిల్ కోట్స్ మధ్య ఎక్స్ అని ఉంటుంది. పాత ప్రీప్రాసెసర్ కోట్స్ లోపలికి కూడా చెయ్యి పెట్టి, ఆ ఎక్స్ తీసి టీ పెట్టేది. 1983లో ఏర్పడిన ఆన్సీ కమిటీ 1989లో తెచ్చిన స్టాండర్డు ఇది కుదరదంది. ఇప్పుడు అదే హెడరుని కొత్త కంపైలరుకి ఇచ్చామనుకోండి. ఎర్రర్ రాదు! నంబర్లో టీ బదులు ఎక్స్ అనే అక్షరమే మిగిలిపోతుంది. కంపైల్ శుభ్రంగా అవుతుంది, రన్ చేశాక కెర్నెల్ ఆ కమాండు నాకు తెలీదంటుంది. ఇంతకంటే దొంగ బగ్గు నేను చూళ్ళేదు.

రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో జీసీసీ విడుదల చేసినప్పుడు అసలు చిక్కు ఇదే. ఆపరేటింగ్ సిస్టములు సన్‌వీ, డెక్‌వీ. వాళ్ళ హెడర్లు దిద్దే హక్కు జీసీసీకి లేదు, పైగా అదే మిషన్లో వాళ్ళ కంపైలరూ వాటినే వాడుకుంటుంది. అందుకని ఫిక్స్‌ఇన్‌క్లూడ్స్ అనే స్క్రిప్టు పుట్టింది. జీసీసీని బిల్డ్ చేసి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది సిస్టమ్ హెడర్లన్నీ చదివి, తేడాగా ఉన్నవాటికి దిద్దిన కాపీలు తన సొంత డైరెక్టరీలో పెట్టుకుంటుంది. కంపైలరు ముందు ఆ కాపీలనే చూస్తుంది. పైన చెప్పిన కోట్స్ గోల, ఎండిఫ్ తర్వాత ఊరికే రాసిన పేర్లు, వ్యాక్స్, సన్ అంటూ అండర్‌స్కోర్లు లేని మాక్రోలు, అన్నీ అందులోనే దిద్దుకునేవారు.

నా సోలారిస్ గొడవ మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఎవరో ఓఎస్‌కి ప్యాచ్ వేశారు, అసలు హెడర్లో కొత్త ఫీల్డు చేరింది, జీసీసీ దగ్గర కాపీ మాత్రం పాతదే. ఏ హెడరు ఎక్కణ్ణుంచి తెరుస్తున్నావో చూపించమని పెద్ద హెచ్ ఆప్షన్ ఇస్తే గానీ బయటపడలేదు. ఎంకేహెడర్స్ స్క్రిప్టు మళ్ళీ నడిపితే నిమిషాల్లో తీరిపోయింది.

బీఎస్‌డీ వాళ్ళది వేరే దారి. కాపీలు వద్దు, సర్దుబాటేదో అసలు ఫైల్లోనే చేద్దాం అన్నారు. సీడెఫ్స్ డాట్ హెచ్ అనే ఫైల్లో రెండు అండర్‌స్కోర్లు, పెద్ద పీతో ఒక మాక్రో పెట్టారు. ఆన్సీ కంపైలరైతే అది ఫంక్షన్ పారామీటర్లు ఉంచుతుంది, పాతదైతే ఖాళీ బ్రాకెట్లు మిగులుస్తుంది. 1993 నాటి 4.4బీఎస్‌డీలో ఎక్కడ చూసినా ఇదే. పారామీటర్ల చుట్టూ రెండేసి బ్రాకెట్లు ఎందుకా అనుకునేవాణ్ణి. ఎన్ని పారామీటర్లున్నా మాక్రోకి ఒకే ఆర్గ్యుమెంటుగా అందాలి కదా, అందుకు. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, నిజమే. కానీ దాచిందేమీ లేదు, చదివిన ప్రతివాడికీ కనిపిస్తుంది. పాత కంపైలర్లు పోయాక 2000ల మొదట్లో ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు దాన్ని తీసిపారేశారు. సీడెఫ్స్ మాత్రం ఉంది. ప్రింట్‌ఎఫ్ ఫార్మాట్ సరిచూడమనడం లాంటి జీసీసీ సొంత హంగులు తెలిసిన కంపైలరుకి చూపించి, తెలియనిదానికి మాయం చేస్తుంది.

నా ఓటు బీఎస్‌డీకే. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఓఎస్ వాళ్ళ చేతిలోనే ఉంది కాబట్టి వాళ్ళకది సాధ్యమైంది. ఫిక్స్‌ఇన్‌క్లూడ్స్‌ని ఎంత తిట్టుకున్నా, అది లేకపోతే సన్ మిషన్ల మీద జీసీసీ నిలదొక్కుకునేదా అని నాకు అనుమానమే.

ఆ ఖాళీ బ్రాకెట్ల కథ ఇంకా ముగియలేదు. అప్పట్లో వాటర్థం పారామీటర్ల గురించి ఏమీ చెప్పడం లేదని. సీ23 స్టాండర్డులో అర్థం మారింది, పారామీటర్లు అసలు లేవని. 2025లో వచ్చిన జీసీసీ 15, ఏ ఆప్షనూ ఇవ్వకపోతే సీ23నే పాటిస్తుంది. ఈమధ్య దాంతో ఒక పాత లైబ్రరీ కంపైల్ చేశాను. దాని హెడరు కంపైలరుని అడక్కుండా, సొంత స్విచ్ ఒకటి చూసి ఖాళీ బ్రాకెట్లు ఎంచుకుంది. ఆర్గ్యుమెంట్లు ఎక్కువయ్యాయని పేజీలకి పేజీలు ఎర్రర్లు. ప్రస్తుతానికి సీ17 ఆప్షన్ పెట్టి నడిపిస్తున్నాను.