పూడుల్ జుట్టు, మనిషి కత్తెర

పూడుల్ జాతి కుక్కకు జుట్టు ఆగకుండా పెరుగుతుంది. మన ఊరకుక్కకు కాలం మారినప్పుడు పాత బొచ్చు ఊడి కొత్తది వచ్చినట్టు దీనికి జరగదు. రాలే ఆ కాసిని వెంట్రుకలు కూడా ఉంగరాల్లో ఇరుక్కుని ఒంటినే పట్టుకుని ఉంటాయి. దువ్వకుండా వదిలేస్తే చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద ముందు చిక్కు పడుతుంది. చిక్కు ఉండ కడుతుంది. ఉండలు కలిసి చర్మాన్ని పట్టి లాగే అట్టగా మారతాయి. అట్ట కింద గాలి ఆడదు, తడి ఆరదు, పుండు పడినా పైకి కనిపించదు. మనిషి చెయ్యి పడకుండా సుఖంగా బతకలేని కుక్క ఇది. ఐరోపాలో కుక్కల జుట్టు కత్తిరించడం ముందు ఒక అవసరంగా, తరవాత ఒక బతుకుతెరువుగా ఎదగడంలో ఈ జాతికీ దీని పూర్వీకులైన నీటి కుక్కలకూ పెద్ద పాత్ర ఉంది.

ఈ కుక్కల అసలు పని పేరులోనే ఉంది. జర్మన్లు దీన్ని పిలిచే ‘పుడెల్’ అన్న పేరు నీళ్లలో చప్పుడు చేస్తూ ఆడటాన్ని చెప్పే మాట నుంచి వచ్చింది. ఫ్రెంచివారి ‘కానిష్’ అన్న మాటలో ఆడబాతు పేరు దాగి ఉంది. వేటగాడు కొట్టిన బాతు చెరువులో పడితే ఈదుకుంటూ పోయి నోట కరచుకుని తేవడం దీని కొలువు. ఒత్తైన జుట్టు చలి నుంచి కాపాడుతుంది, కానీ నీళ్లు పీల్చి బరువెక్కి ఈతను అడ్డుకుంటుంది. అందుకే కొంత ఉంచి కొంత తీసే పద్ధతి పుట్టింది. ఎలిజబెత్ రాణి కాలపు వైద్యుడు జాన్ కాయస్, ప్రకృతి శాస్త్రవేత్త కాన్రాడ్ గెస్నర్ కోసం ఇంగ్లండు కుక్కల గురించి లాటిన్‌లో ఒక చిన్న గ్రంథం రాశాడు. అది 1570లో అచ్చయింది, 1576లో అబ్రహం ఫ్లెమింగ్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. అందులో నీటి కుక్క వెనక భాగమంతా బోడిగా ఉంటుంది. ఈదేటప్పుడు బరువు తగ్గి వేగం పెరగడానికే అలా తీస్తారని కాయస్ కారణం కూడా చెప్పాడు. ఇప్పుడు ప్రదర్శనల్లో ‘సింహం కటింగ్’ పేరుతో కనిపించే ఆకారానికి మూలం ఇదే. చూసేవాళ్లకు అది సోకుగా కనిపిస్తుంది కానీ, పుట్టింది మాత్రం చెరువుగట్టున.

1621లో జర్వాస్ మార్కమ్ నీటి పక్షుల వేట మీద రాసిన పుస్తకంలో ఈ విషయం ఇంకా లోతుగా ఉంది. నీటి కుక్కకు వెనక భాగంలో జుట్టు ఎక్కువ, ఎందుకంటే నీళ్లలో ఆ భాగమే లోతుగా మునుగుతుంది, చలి నుంచి రక్షణ అక్కడే ఎక్కువ కావాలి అని అతను గమనించాడు. ఎండాకాలంలో ఆ కవచమే కుక్కకు భారం. త్వరగా అలసిపోతుంది, ఒళ్లు వేడెక్కి గజ్జి పట్టే ప్రమాదమూ పెరుగుతుంది. కాబట్టి వేసవిలో కత్తిరించడం మంచిదే, చలికాలంలో మాత్రం తగదని అతని అభిప్రాయం. గజ్జిని పుట్టించేది వేడి కాదు, కంటికి కనిపించని పురుగు. మార్కమ్‌కు అది తెలిసే వీలు లేదు. అయినా జుట్టు అందం కోసం కాక కుక్క ఆరోగ్యం కోసం, అదీ కాలాన్ని బట్టి తీయాలన్న అతని చూపు గొప్పది. ఇంట్లో కుక్కను చూసుకునే పద్ధతికి అదొక మంచి పాత పాఠం.

ఇంటిపని వీధి వృత్తిగా మారిన చోటు పారిస్. వేటకుక్కగా మొదలైన కానిష్ పద్దెనిమిదో శతాబ్దం నాటికి నగరపు ఇళ్లలో పెంపుడు కుక్క అయింది. బాతు లేదు, చెరువు లేదు, జుట్టు మాత్రం పెరుగుతూనే ఉంది. ఆ అవసరమే సెన్ నది ఒడ్డున, పోం నఫ్ వంతెన మీద కుక్కల క్షురకులను నిలబెట్టింది. పందొమ్మిదో శతాబ్దపు పారిస్ వీధి చిత్రాల్లో వీళ్లు తరచు కనిపిస్తారు. కూర్చోవడానికి ఒక పెట్టె, చేతిలో కత్తెర, ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టిన కుక్క, పక్కన నది. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. కుక్కలకు జుట్టు తీయడం, పిల్లులకు విత్తు కొట్టడం ఒకే మనిషి చేసేవాడు. పిలిస్తే ఇళ్లకు కూడా వెళ్లేవాడు.

మత్తుమందు లేని కాలంలో చదువు లేని చేతులతో చేసిన ఆ రెండో పని పిల్లులకు ఎంత బాధాకరమో ఊహించుకోవచ్చు. కానీ పెంపుడు జంతువుకు అప్పట్లో అందుబాటులో ఉన్న చెయ్యి అదొక్కటే. పశువైద్య విద్య పుట్టింది సరిగ్గా అదే దేశంలో, అదే కాలంలో. లియోన్‌లో గుర్రపు స్వారీ విద్యాలయాన్ని నడిపిన క్లోద్ బుర్జెలా 1761లో ప్రపంచంలోనే మొదటి పశువైద్య పాఠశాలకు అనుమతి తెచ్చుకున్నాడు. కొన్నేళ్లకే పారిస్ దగ్గర అల్ఫోర్‌లో రెండోది వచ్చింది. వాటి ధ్యాసంతా పశువుల్ని ఊళ్లకు ఊళ్లు తుడిచిపెడుతున్న ముసర రోగం మీద, సైన్యానికి కావలసిన గుర్రాల మీద ఉండేది. కుక్క వంతెన మీది మనిషికే మిగిలిపోయింది.

లండన్‌లోనూ కథ వేరుగా లేదు. 1791లో వెలసిన పశువైద్య కళాశాలకు మొదటి ఆచార్యుడు ఫ్రాన్స్ నుంచి వచ్చిన సాంబెల్. అతని తరవాత 1839 దాకా దాన్ని నడిపిన ఎడ్వర్డ్ కోల్‌మన్ కాలంలో బోధన దాదాపుగా గుర్రానికే పరిమితమైంది. కుక్క జబ్బుల్ని శ్రద్ధగా పట్టించుకున్న తొలి ఆంగ్ల వైద్యుల్లో డెలబేర్ బ్లెయిన్ ఒకడు. అతను 1817లో కుక్కల రోగాల మీద పుస్తకం వేశాడు. అతనితో కలిసి పనిచేసిన విలియం యూయాట్ కూడా 1845లో కుక్కల మీద పెద్ద గ్రంథం రాశాడు. ఇవి వైద్యుల చదువులు. కుక్కను దువ్వేవాళ్లకు, కడిగేవాళ్లకు, గోళ్లు తీసేవాళ్లకు నేర్పే బడి అప్పటికీ లేదు.

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో కుక్కల ప్రదర్శనలు కత్తిరింపుకు కొత్త గిరాకీ తెచ్చాయి. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో 1859లో ప్రదర్శన జరిగింది, 1873లో అక్కడి కుక్కల పెంపకందారుల సంఘం కెన్నెల్ క్లబ్ ఏర్పడింది, 1891లో క్రఫ్ట్స్ ప్రదర్శన మొదలైంది. పూడుల్ జుట్టును కత్తిరించకుండా తాళ్లలా మెలితిప్పి, నూనె రాసి, నేలకు తగిలేదాకా పెంచే మోజు ఆ రోజుల్లోదే. ఆ తాళ్ల బరువుతో, నూనె జిడ్డుతో తిరిగిన కుక్కలకు సుఖం ఎక్కడిది? మార్కమ్ చెప్పిన వివేకం అక్కడ పూర్తిగా మరుగున పడింది.

పని వేగాన్ని మార్చింది యంత్రం. రెండు పళ్ల వరసలు ఒకదాని మీద ఒకటి జారుతూ జుట్టు కోసే చేతి క్లిప్పర్ అప్పటికే గుర్రాలకు వాడుకలో ఉంది. మన క్షౌరశాలల్లో ‘మిషన్’ అనేది దాని వంశమే. అమెరికాలోని ఇల్లినాయ్‌లో లియో వాల్ 1919లో విద్యుత్ క్లిప్పర్‌కు పేటెంటు కోరాడు. జాన్ ఆస్టర్ 1924లో విస్కాన్సిన్‌లో చేతి క్లిప్పర్లతో మొదలుపెట్టి, నాలుగేళ్లకు విద్యుత్ క్లిప్పర్లు చేశాడు. మనుషుల జుట్టు కోసం పుట్టిన ఈ పనిముట్లు కుక్కల బల్ల మీదికీ చేరాయి. కత్తెరతో పూటంతా పట్టే పని చాలా తొందరగా తెమలసాగింది. దానితోపాటు కొత్త ప్రమాదాలూ వచ్చాయి. ఆగకుండా నడిచిన బ్లేడు వేడెక్కి చర్మాన్ని కాలుస్తుంది. అట్ట కట్టిన జుట్టు కింద సాగి ఉన్న చర్మం పళ్ల మధ్యకు వచ్చి తెగుతుంది. అందుకే దువ్వడం ముందు, స్నానం తరవాత, కత్తిరింపు ఆ తరవాత. చిక్కు తీయకుండా నీళ్లు పోస్తే ఉండ ఇంకా బిగుసుకుంటుంది. గోరు లోపలి రక్తనాళం తెగకుండా కొస మాత్రమే తీయాలి. మనుషుల సబ్బు కుక్క చర్మాన్ని ఎండగొడుతుంది. ఇంట్లో మొదటిసారి క్లిప్పర్ కొనేవాళ్లు తప్పక తెలుసుకోవలసిన సంగతులివి.

అమెరికన్ కెన్నెల్ క్లబ్ నమోదుల్లో పూడుల్ 1960లో మొదటి స్థానానికి చేరి, రెండు దశాబ్దాలకు పైగా అక్కడే నిలిచింది. కొన్ని వారాలకొకసారి కత్తెర తప్పని కుక్క లక్షల ఇళ్లలోకి వస్తే, ఆ కత్తెర పట్టేవాళ్లు కూడా పుట్టుకురావాలి కదా. వీధి వీధికీ పూడుల్ పార్లర్లు వెలిశాయి, పని నేర్పే బడులు వచ్చాయి. 1969లో అమెరికాలో గ్రూమర్ల, అంటే కుక్కల జుట్టు, ఒంటి శుభ్రత చూసేవాళ్ల, జాతీయ సంఘం ఏర్పడి, ఇష్టపడి రాసేవాళ్లకు పరీక్షలు పెట్టింది. అంతకుముందు పని నేర్చుకోవడమంటే ఎవరి దుకాణంలోనో కుక్కల్ని కడుగుతూ కళ్లతో నేర్చుకోవడమే. బ్రిటన్‌లో కుక్కల్ని ఉంచే కెన్నెళ్లలో చేరిన యువతులు ఊడ్చడం, తిండి పెట్టడం, దువ్వడం అన్నీ అలాగే నేర్చుకునేవారు.

జంతు సంరక్షణకు క్రమబద్ధమైన శిక్షణ బ్రిటన్‌లో 1961లో వచ్చింది. పశువైద్యుల రాయల్ కాలేజీ వైద్యుల పక్కన పనిచేసేవాళ్ల కోసం పాఠ్యక్రమం, పరీక్ష, నమోదు పెట్టింది. వాళ్లను నర్సులు అనడానికి మాత్రం చట్టం ఒప్పుకోలేదు. ఆ మాట మనుషుల నర్సులకే చెందింది. కాబట్టి ‘జంతు పరిచర్య సహాయకులు’ అన్న బిరుదుతో సరిపెట్టారు. రోగి పక్కన రాత్రుళ్లు కూర్చున్నవాళ్లకు నర్సు అన్న పేరు దక్కడానికి 1984 దాకా పట్టింది. 1991లో చట్టం సవరించాక, వైద్యుడి ఆదేశం మీద కొన్ని చికిత్సలు చేసే హక్కు కూడా వచ్చింది.

గ్రూమర్లు ఆ దారిలోకి రాలేదు. కుక్క ఒంటిని అంగుళం అంగుళం తడిమేది వాళ్లే. చెవిలో దుర్వాసన, చర్మం కింద కొత్త గడ్డ, పంటి చిగురు వాపు చాలాసార్లు వాళ్ల కంటనే ముందు పడతాయి. అయినా ఇంగ్లండులో కుక్కల్ని రాత్రిపూట ఉంచుకునే కెన్నెల్‌కు లైసెన్సు కావాలి, జుట్టు కత్తిరించే దుకాణానికి అక్కర్లేదు. డిప్లొమాలు, పరీక్షలు ఉన్నాయి కానీ తప్పనిసరి కావు. చట్టపరంగా వాళ్లను పట్టి ఉంచేది 2006 నాటి జంతు సంక్షేమ చట్టం. బల్ల మీద ఉన్నంతసేపూ ఆ కుక్క క్షేమానికి గ్రూమర్‌ కూడా బాధ్యుడని, యజమాని బాధ్యత మాత్రం ఎప్పుడూ తొలగదని అది చెబుతుంది.