చిరుతపులి ఖరీదు 129 డాలర్లు

2001 మార్చి 24న ఆపిల్ సంస్థ తన మ్యాక్ కంప్యూటర్లను నడిపే మ్యాక్ ఓఎస్ టెన్‌ను 129 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. కొన్నవాళ్లకు దక్కింది సగం ఉడికిన అన్నమే. డీవీడీలో సినిమా చూసే వీలు లేదు, మెనూ తెరిచినా యంత్రం ఆయాసపడేది. ఆ లోట్లు చాలావరకు తీర్చిన 10.1 వెర్షన్‌ను అదే ఏడు సెప్టెంబరులో పాత కొనుగోలుదార్లకు ఉచితంగా ఇచ్చారు. ఆ ఉదారత అక్కడితో సరి.

2002లో జాగ్వార్, 2003లో పాంథర్, 2005లో టైగర్, 2007లో లెపర్డ్ అనే వెర్షన్లు వచ్చాయి. ప్రతిసారీ అదే 129. పాత ఖాతాదారని రాయితీ ఏమీ లేదు. మొదటిదానితో కలిపి అన్నీ కొన్నవాళ్లకు ఆరున్నరేళ్లలో 645 డాలర్లు వదిలాయి.

గిట్టుబాటైందా? జాగ్వార్, పాంథర్ల మటుకు అయిందనే అనాలి. కొత్త వెర్షన్ ఎక్కిస్తే పాత కంప్యూటర్ నీరసించడం మామూలు. ఇక్కడ ఉన్న యంత్రమే చురుకైంది. తెరమీది బొమ్మలు గీసే పనిని జాగ్వార్ గ్రాఫిక్స్ కార్డుకు అప్పజెప్పింది మరి. టైగర్ దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పింది. ఫైళ్లు వెతికిపెట్టే స్పాట్‌లైట్ మంచిదే గానీ, ఈమెయిళ్లు రాసుకుని పాటలు వినే ఇంటికి అంత డబ్బు దండగ. లెపర్డ్‌లోని టైమ్ మెషీన్ బ్యాకప్ విలువ ఫొటోలు పోగొట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది. నిజానికి చాలామంది చేత కొనిపించింది ఈ హంగులు కావు, కొత్త సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ మీద నడవకపోవడం.

2009లో స్నో లెపర్డ్ 29 డాలర్లకే దిగింది. 2013లో మావెరిక్స్ ఊరికే వచ్చింది. యంత్రాలమ్మి సంపాదించే కంపెనీకి ఇది పెద్ద త్యాగమేమీ కాదు.

తెలుగువాళ్ల లెక్క వేరు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంది. కాకపోతే సీడీ పెట్టి భారతీయ లిపుల సదుపాయాన్ని విడిగా ఎక్కించుకోవాల్సి వచ్చేది. మ్యాక్‌తోపాటు తెలుగు ఫాంటు అందింది 2011లో, లయన్ వెర్షన్‌తో. అప్పట్లో ధర 29.99 డాలర్లు. అప్పటికీ లెపర్డ్ మీదే ఉన్నవాళ్లు ముందు స్నో లెపర్డ్ కొనాల్సి వచ్చింది. 2006 నాటి తొలి ఇంటెల్ మ్యాక్‌లకైతే లయన్ ఎక్కనే ఎక్కదు. ఎక్కించుకున్నవాళ్లకు తెలుగు అక్షరాలు కనిపించాయి గానీ, ఇంటెల్‌కు ముందు మ్యాక్‌లలో ఉన్న పవర్‌పీసీ చిప్‌ల కాలపు ప్రోగ్రాములు మూతపడ్డాయి. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2004 వాటిలో ఒకటి.